హైదరాబాద్‌లో కాపురం: ఏ పక్క ఉంటే ఏది మన వంతుకొస్తుంది?

సాగరతీరం అడిగారు:

విశాఖ నుంచి హైదరాబాద్ మారాల్సి వస్తోంది. ఒక ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, వారానికి 4 రోజులు వెళ్లాలి. రెండోది సికింద్రాబాద్ ప్యాట్నీ దగ్గర, వారానికి 6 రోజులు. ఇంట్లో నలుగురం: మేమిద్దరం, 70 దాటిన అత్తగారు, ఆరో తరగతి పాప. ముందు అద్దెకి, రెండేళ్ల తర్వాత కుదిరితే కొనుక్కోవడం.

ఈ ఊరి గురించి ఎవర్ని అడిగినా రెండే జవాబులు. ఒకరు కేబుల్ బ్రిడ్జి, కోకాపేట టవర్లు చూపించి "సిటీ అంటే ఇదీ" అంటారు. ఇంకొకరు ట్యాంకర్ల వరస, వానపడిన సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ చూపించి "దండం పెట్టి వెనక్కి పొండి" అంటారు. రెండూ అబద్ధం కాదని తెలుసు. ఏ పక్కన ఉంటే ఏది మన నెత్తిన పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. పొగడ్తలూ వద్దు, తిట్లూ వద్దు, లెక్కలు కావాలి.


బ్లూలైన్ రాశారు:

సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. వారానికి 10 రాకపోకలు, అందులో 6 సికింద్రాబాద్‌వి. పెద్ద జీతం వచ్చే ఆఫీసు పక్కన ఇల్లు తీసుకోవడం అందరూ చేసే తప్పు. ఎక్కువసార్లు వెళ్లే ఆఫీసు ఏదో చూసుకుని తీసుకోవాలి. కోకాపేటలో దిగితే ప్యాట్నీకి పోను 25 కిలోమీటర్ల పైనే, రాను మళ్లీ అంతే, ఆరు రోజులూ.

మెట్రో మొత్తం 69 కి.మీ., మూడు లైన్లు. మీకు పనికొచ్చేది ఒక్కటే, నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్. అది ప్యాట్నీ పక్కనున్న ప్యారడైజ్, పరేడ్ గ్రౌండ్ మీదుగా వెళ్తుంది, అటు చివర రాయదుర్గం. కాబట్టి ఇల్లు ఈ లైను మీదే వెతకండి. మధురానగర్, యూసుఫ్‌గూడ, బేగంపేట, ప్రకాశ్‌నగర్ అలా. మధురానగర్‌లో ఎక్కితే పరేడ్ గ్రౌండ్ 6 స్టేషన్లు, రాయదుర్గం 8 స్టేషన్లు, స్టేషన్‌కి సుమారు 2 నిమిషాలు వేసుకోండి. ఎటు వెళ్లినా రైలు మారనక్కర్లేదు. అది చిన్న విషయం కాదు. ఉదయం 8:30 నుంచి 10 దాకా అమీర్‌పేటలో మెట్లు దిగి ఎక్కి లైను మారడం, అదీ మూడు పెట్టెల రైల్లోకి, పెద్దవాళ్లతో అస్సలు కుదరదు.

చిక్కంతా రాయదుర్గం తర్వాత మొదలవుతుంది. లైను అక్కడితో ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఇంకో 7–8 కి.మీ. ఉంటుంది. ఆ ముక్కకి ఉదయం 25 నిమిషాలు, సాయంత్రం 6 నుంచి 8:30 మధ్య 45 పట్టినా ఆశ్చర్యపోవద్దు. ఆఫీసు షటిల్ ఉందో లేదో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే అడగండి. నడక, ఎదురుచూపు, రైలు, షటిల్ అన్నీ కలిపి ఒక వైపుకి గంటా పావు. వారానికి నాలుగు రోజులే కాబట్టి ఓర్చుకోవచ్చు. టికెట్ ధర 2025 మేలో పెంచి, వారం తిరక్కుండా పది శాతం తగ్గించారు. ఇప్పుడు ఎంత దూరమైనా 69 రూపాయలు దాటదు.

"ఓఆర్ఆర్ ఉందిగా" అని ఎవరో ఒకరు అంటారు, ముందే చెప్పేస్తా. ఓఆర్ఆర్ అంటే ఔటర్ రింగ్ రోడ్డు, ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఉంగరం. ఉంగరం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి హాయిగా వెళ్లొచ్చు, లోపలికి రావడానికి అది సాయపడదు. పెద్ద అంబర్‌పేట నుంచి శంషాబాద్ మీదుగా నానక్‌రాంగూడ సుమారు 60 కి.మీ. వేగ పరిమితి 120 కాబట్టి కారులో ముప్పావు గంటలోపే. ఆ తర్వాత ఎగ్జిట్ దిగి ఆఫీసు గేటు దాకా ఉన్న 3 కి.మీ.కి 30 నిమిషాలు. బైకుని, ఆటోని మెయిన్ రోడ్డు మీదకి రానివ్వరు, వాటికి సర్వీస్ రోడ్డే గతి. టోల్ సంగతి సరేసరి.


సంపుమూత రాశారు:

రోడ్డు గురించి పైన బాగా చెప్పారు. కానీ రోడ్డు బాగాలేకపోతే ఆలస్యంగా వెళ్తారు, అంతే. నీళ్లు లేకపోతే ఇల్లే ఖాళీ చేస్తారు. అందుకే నీళ్ల లెక్క కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఊరికి నీళ్లు వచ్చేది దూరాల నుంచి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఒకప్పుడు సరిపోయాయి. తర్వాత మంజీరా, సింగూరు, 2004 నుంచి నాగార్జునసాగర్ దగ్గర్నుంచి కృష్ణా, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. వందకి పైగా కిలోమీటర్లు మోటార్లతో ఎత్తి తోసిన నీళ్లు ఇవి. ఊరేమో సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే చాలా కాలనీలకు రోజు విడిచి రోజే నల్లా వస్తుంది. మెయిన్ లైను మరమ్మతు అంటే ఆ రోజు కూడా ఉండదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది ఇంజినీర్లు వాడే ప్రమాణం. నలుగురికి 540, నెలకి 16,200 లీటర్లు. నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది కాబట్టి, మీటరు పనిచేస్తూ, ఆధార్ అనుసంధానం అయిన ఇంట్లో బిల్లు దాదాపు సున్నా. కానీ అది పాత జీహెచ్ఎంసీ హద్దుల్లోని ఇళ్లకు వచ్చిన పథకం. 2025 చివర్లో శివారు మున్సిపాలిటీలు 27 కలిశాయి. అటు ఇల్లు చూస్తుంటే మాటలు నమ్మకుండా వాటర్‌బోర్డు బిల్లు చూపించమనండి. బిల్లు లేదంటే కనెక్షన్ లేదని, కనెక్షన్ లేదంటే బోరూ ట్యాంకరే అని అర్థం.

100 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి ఇదే లెక్క వేస్తే రోజుకు 54,000 లీటర్లు. నల్లా రోజు విడిచి రోజు కాబట్టి సంపు కనీసం 1,08,000 లీటర్లు పట్టాలి. అంటే లోపల కొలత 6 మీటర్లు × 6 మీటర్లు × 3 మీటర్లు. వాచ్‌మన్‌ని అడిగి సంపు చూడండి. అందులో సగమే ఉంటే, నల్లా ఎంత బాగా వచ్చినా పట్టుకునే చోటు లేక రెండో రోజు ట్యాంకర్ పిలవాల్సిందే. ఈ ఒక్క కారణంతో ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి, నింద మాత్రం వాటర్‌బోర్డు మీద.

మొత్తం ట్యాంకర్లే అయితే? బోర్డు ట్యాంకర్ 5,000 లీటర్లకి 500 రూపాయలు. రోజుకు 11 ట్యాంకర్లు, నెలకి లక్షా 62 వేల పైన, ఫ్లాటుకి 1,600 పైచిలుకు. ఏప్రిల్, మేలలో బోర్డు బుకింగ్ దొరక్క ప్రైవేటు వాళ్లని పిలిస్తే దానికి రెండింతలో, ఇంకా ఎక్కువో. ఇల్లు చూసేటప్పుడు "నీళ్లకి ఇబ్బంది లేదు కదా" అని అడగొద్దు, ఎవరైనా లేదనే అంటారు. "పోయిన మే నెల మెయింటెనెన్స్ ఖర్చుల పట్టీ ఒకసారి చూపించండి" అనండి. అందులో ట్యాంకర్ల పద్దు దాగదు.

బోర్లు ఎందుకు ఎండుతాయో కూడా చెప్పాలి. ఊరి కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన పలచగా వాతావరణానికి చివికిన పొర, అందులోనే నీళ్లు ఊరతాయి. దాని కింద అంతా గట్టి రాయి, ఎక్కడైనా పగులు తగిలితేనే నీళ్లు. అందుకే పక్కింట్లో 300 అడుగులకి పడ్డ నీళ్లు మీకు 1,000 అడుగులకీ పడకపోవచ్చు. లోతుకి పోతే పాత పగుళ్లలో నిలవ ఉన్న నీళ్లు వస్తాయి, అవి అయిపోతే మళ్లీ నిండటానికి ఏళ్లు పడుతుంది.

ఇంకుడుగుంత ఉందిగా అంటారా? ఏడాది వాన 800 మి.మీ. అనుకుందాం. 1,000 చదరపు మీటర్ల డాబా మీద పడ్డదాంట్లో 80 శాతం పట్టినా 6,40,000 లీటర్లు. పైన చెప్పిన 100 ఫ్లాట్లకి అది 12 రోజులకి సరి. అదే 120 చదరపు మీటర్ల డాబా ఉన్న ఇండిపెండెంట్ ఇంటికైతే దాదాపు 77 వేల లీటర్లు, నలుగురికి 140 రోజులు. గుంతలు తప్పనిసరే, కాదనను. కానీ అంతస్తులు పెరిగేకొద్దీ వాన మన లెక్కలో ఇంకిపోతుంది, ట్యాంకరే మిగులుతుంది.


నార్సింగివైపు రాశారు:

మరీ అంత భయపెట్టకండి. మీ లెక్కలో ఒక ముక్క వదిలేశారు. ఆ 135 లీటర్లలో 45 ఫ్లష్‌కే పోతుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఎస్టీపీ (వాడిన నీళ్లని శుద్ధి చేసే ప్లాంటు) ఉంటుంది, ఫ్లష్‌కి వేరే పైపు ఉంటుంది. అక్కడ కొత్త నీటి అవసరం 54 వేలు కాదు, 36 వేలు. పాత నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఈ సదుపాయం ఉండదు.

ఇంకోటి, జనం పడమరకి, అంటే కోకాపేట, నార్సింగి వైపు, పరుగెత్తేది పిచ్చెక్కి కాదు. పెద్దావిడకి గేటు లోపలే సాయంత్రం నడక, కరెంటు పోయినా ఆగని లిఫ్టు, పిల్లకి ఆడుకునే చోటు, ఉద్యోగం మారినా ఇల్లు మారక్కర్లేకపోవడం, ఎయిర్‌పోర్టుకి సిగ్నల్ లేని దారి. ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది. ఇద్దరి ఆఫీసులూ ఇటే ఉంటే నేనైతే కళ్లు మూసుకుని ఇటే అంటాను. మీ విషయంలో ప్యాట్నీ అడ్డొచ్చింది కాబట్టి బ్లూలైన్ గారి మాటే నాదీ. ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోది అయినా సరే.

మెయింటెనెన్స్ మాత్రం ముందే లెక్క వేసుకోండి. 1,800 అడుగుల ఫ్లాటుకి చదరపు అడుగుకి 4 రూపాయలు అయితే 7,200. నెలకి 7,500 దాటిందంటే 18 శాతం జీఎస్టీ కూడా తగులుకుంటుంది.


సంపుమూత రాశారు:

ఎస్టీపీ మాట ఒప్పుకుంటా, ఒక షరతుతో. కరెంటు బిల్లు మిగల్చడానికి రాత్రిపూట బ్లోయర్ ఆపేసే చోట్లు బోలెడు. గాలి అందక అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, నీళ్లు నల్లబడి కంపు కొడతాయి, జనం గోల చేస్తారు, చివరికి ఫ్లష్‌కి కూడా మంచినీళ్లే వదులుతారు. అప్పుడు 36 మళ్లీ 54 అవుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బాత్‌రూమ్‌లో ఒకసారి ఫ్లష్ నొక్కి, రంగూ వాసనా చూడండి. ఎస్టీపీ సంగతి అక్కడే తేలిపోతుంది.

టవర్లు ఇంత దట్టంగా ఎందుకొచ్చాయో కూడా ఒక మాట. 2006లో జీవో 86తో ఇక్కడ ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితి ఎత్తేశారు, 2012 నాటి జీవో 168 కూడా దాన్ని తిరిగి పెట్టలేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఫైర్, ఎయిర్‌పోర్టు అనుమతులు ఉంటే ఎంత ఎత్తైనా లేపొచ్చు. కోకాపేటలో 2023 వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధరకి కొన్నవాడు 10 అంతస్తులు కట్టి ఊరుకోడు కదా. 1,000 ఫ్లాట్ల ప్రాజెక్టు అనుకోండి, ఫ్లాటుకి ఒకటిన్నర కారు, 40 శాతం ఒకే గంటలో బయటికొస్తే 600 కార్లు. ఒక వరసలో, సిగ్నల్ సగం సేపు పచ్చగా ఉన్నా, గంటకి 900 కార్లు మించి దాటవు. అలాంటి ప్రాజెక్టులు రెండు పక్కపక్కన వస్తే వరస మూసుకున్నట్టే. సగం ఫ్లాట్లు ఇంకా నిండని చోట ఇవాళ్టి ట్రాఫిక్ చూసి మురిసిపోవద్దు.


మత్తడి రాశారు:

నీళ్లు లేకుంటే ఏమైతదో అందరు చెప్పిన్రు, ఎక్కువైతే ఏమైతదో నేను చెప్త.

ఈ ఊరి చెరువులన్నీ గొలుసుకట్టు. పైచెరువు నిండితే మత్తడి (అలుగు) దునికి కిందిచెరువుకు పోవాలె. నడుమ కాలువ మీద ఇల్లు కడితే నీళ్లు దారి మరిచిపోవు, ఇంట్లకెళ్లి పోతయ్. 2020 అక్టోబర్ 13 నాడు ఘట్‌కేసర్ దిక్కు 32 సెంటీమీటర్ల దాక కొట్టింది. టోలీచౌకి నదీం కాలనీల రోజులకొద్ది నీళ్లు నిలిచినయ్, గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. 2025 సెప్టెంబర్ల జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్లకే వచ్చినయ్.

అద్దెకైనా, కొనుక్కునేటందుకైనా ముందుగాల గీ పనులు చెయ్యుండ్రి. ఫోన్ల గూగుల్ ఎర్త్ తీసి 2005, 2006 నాటి పాత ఫొటో చూడుండ్రి. ఇయ్యాల కాలనీ ఉన్నకాడ అప్పుడు పచ్చగనో నల్లగనో తడి కనబడితే అది కుంట. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్ల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) మ్యాపులు ఉంటయ్, సర్వే నంబరుతోని సరిచూసుకోండి. 10 హెక్టార్ల కన్న పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్, చిన్నదానికి 9 మీటర్లు. పహాణీల (భూమి రికార్డుల) "శిఖం", అంటే చెరువు భూమి, అని రాసి ఉంటే ఇగ ముట్టకుండ్రి, ఎంత అగ్గువకిచ్చినా సరే. 2024ల చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చినంక కూలగొట్టుడు సుత ఉత్త మాట కాదు. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితా, 22ఏ అంటరు, అది సుత చూడాలె.

కిరాయి ఇల్లయితే గోడ చూస్తే చాలు. సెల్లార్ గోడ మీద, మీటర్ల బోర్డు కింద అడ్డంగా మట్టి చార ఉంటే అక్కడిదాక నీళ్లొచ్చినట్టు. లిఫ్టు గుంతల నీళ్లున్నయా చూడుండ్రి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే వానాకాలం డ్రైనేజీ బాత్‌రూమ్‌లకు ఎదురు తంతదా అని కింది ఇంటోళ్లను అడుగుండ్రి, ఓనర్‌ను కాదు.

ఇంకోటి వాసన. జవహర్‌నగర్ డంపుయార్డు దిక్కు దమ్మాయిగూడ, కాప్రా. ఫ్యాక్టరీల దిక్కు బాచుపల్లి, ప్రగతినగర్, బొల్లారం. పగలు పోతే ఏం తెల్వది. రాత్రి గాలి చల్లబడి కిందనే పరుచుకున్నప్పుడే కంపు దిగుతది. రాత్రి పదిన్నరకు పోయి పది నిమిషాలు నిలబడుండ్రి.


సాగరతీరం రాశారు:

అందరికీ చాలా థాంక్స్. మధురానగర్, బేగంపేట వైపు పాత అపార్ట్‌మెంట్లే చూస్తాం అయితే. రెండు ప్రశ్నలు. పాత ఇంట్లో ప్రత్యేకంగా ఏం చూడాలి? రెండేళ్ల తర్వాత కొనాలంటే చెప్పిన ధర మీద ఇంకెంత పెట్టుకోవాలి?


బ్లూలైన్ రాశారు:

రెండోది ముందు చెప్తా, అది తేలిక. కట్టడంలో ఉన్న ఫ్లాటుకి 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం. కోటీ 20 లక్షల ఫ్లాటంటే 6 లక్షలు, 9 లక్షలు, వెరసి 15 లక్షలు. పార్కింగ్, కార్పస్ (నిర్వహణ నిధి), క్లబ్‌హౌస్ ఆపైన. ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చనే సర్టిఫికెట్) వచ్చాక బిల్డర్ దగ్గర కొన్నా, వేరేవాళ్ల దగ్గర పాతది కొన్నా జీఎస్టీ ఉండదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ మీరే పట్టుకుని కట్టాలి, అది అదనం కాదు, అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచే. "ప్రీ లాంచ్, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా), అడుగు 3,000కే" అని ఎవరైనా అంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, 8 ఫ్లాట్లు దాటినా రెరా నమోదు లేకుండా అమ్మకూడదు. నంబరు లేదంటే ఫోన్ పెట్టేయండి.

పాత ఇంటి సంగతి. ఊరి నడిబొడ్డున ఉంటే దక్కేవి వేరే ఉన్నాయి: నుమాయిష్, డిసెంబర్ పుస్తక ప్రదర్శన, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులు, విశాఖ వందేభారత్ ఎక్కడానికి సికింద్రాబాద్ స్టేషన్. పడమటి శివార్లలోని కొల్లూరులో ఉండి "హైదరాబాద్‌లో ఉంటున్నాం" అనేవాళ్లకి ఇవన్నీ సగం రోజు ప్రయాణం. దానికి బదులుగా మీరు భరించాల్సింది కరెంటు వైరింగు, లిఫ్టు, పార్కింగ్.

90లలో కట్టినవాటికి మంజూరైన లోడు చాలాచోట్ల 2, 3 కిలోవాట్లే. టన్నున్నర ఏసీ ఒక్కోటి 1.6 చొప్పున రెండు, గీజరు 2 వేసుకుంటే 5 దాటింది. కరెంటు బిల్లు మీద లోడు ఎంతో రాసి ఉంటుంది, చూసి, తక్కువుంటే ఓనర్ పేరుతోనే పెంచమని దరఖాస్తు పెట్టించండి, అద్దె ఒప్పందానికి ముందే. మెయిన్ నుంచి ఏసీ పాయింటుకి 4 చదరపు మి.మీ. రాగి తీగ విడిగా వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అల్యూమినియం తీగ అయితే మేలో ప్లగ్గు కాలిపోతుంది.

పైఅంతస్తు వద్దు, పడమటి గోడకి పడకగది వద్దు. పెద్దావిడ ఉన్నారు కాబట్టి లిఫ్టుకి బ్యాటరీ బ్యాకప్ ఉందా, మొదటి అంతస్తు దొరుకుతుందా చూడండి. కారు ఉంటే పార్కింగ్ గడి నంబరు ఒప్పందంలో రాయించండి, నోటిమాట చాలదు. అడ్వాన్స్ సాధారణంగా రెండు నెలలు, ఒప్పందం 11 నెలలు.

ఆదివారం ఇళ్లు చూడొద్దు. మంగళవారమో బుధవారమో సాయంత్రం 6:30కి రాయదుర్గంలో రైలెక్కి వచ్చి చూడండి, స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచే రండి. ఫుట్‌పాత్ ఎక్కడ మాయమవుతుందో, పాపని ఒంటరిగా పంపగలరో లేదో అప్పుడు తెలుస్తుంది. చేరే రోజు నీటి మీటరు, కరెంటు మీటరు రెండిటి రీడింగూ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి.